సాపుతారా కొండపై స్థలం: సూరత్‌ కొనుగోలుదారులు రియల్‌ ఎస్టేట్‌ బృందాన్ని ముందుగా అడగవలసినవి

సూరత్‌ నుంచి దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో, సహ్యాద్రి శ్రేణుల ఉత్తర కొసన, మహారాష్ట్ర సరిహద్దును ఆనుకొని ఉన్న సాపుతారా గుజరాత్‌లో ప్రధాన వేసవి విడిది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, మధ్యలో సరస్సు, రోప్‌వే, ఆగస్టులో వర్షాకాల ఉత్సవం, వారాంతానికి కారులో నాలుగు గంటల లోపు చేరుకోగల ఘాట్‌ రోడ్డు. వస్త్ర, వజ్ర వ్యాపారాలతో ఎదిగిన సూరత్‌ నగరానికి ఇంతకంటే దగ్గరలో ఇంత చల్లని చోటు లేదు. అందుకే అక్కడ ఒక ప్లాటో, విల్లానో, 'ఫామ్‌హౌస్‌ వాటా'యో కొనుక్కోవాలన్న కోరిక నగరంలో చాలామందికి ఉంటుంది. అటువంటి ఆస్తుల విక్రయ బృందాలు సాధారణంగా ధరతో, దృశ్యంతో, రాబోయే అభివృద్ధితో మాట మొదలుపెడతాయి. అయితే ఈ కొండపై మొదట తేలవలసింది ధర కాదు, ఆ నేలను కొనుగోలుదారు చట్టప్రకారం కొనగలడా లేదా అన్నది.

సూరత్‌లోని తెలుగువారికి ఈ ప్రశ్న మరింత ముఖ్యం. మరమగ్గాల పని కోసం కరీంనగర్‌, వరంగల్‌, నల్లగొండ ప్రాంతాల నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఈ నగరంలో ఉన్నాయి. సూరత్‌ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ ప్రాథమిక పాఠశాలలు కూడా నడుపుతోంది. ఈ కుటుంబాలలో చాలామందికి గుజరాతీ మాట్లాడటం వచ్చు. రెవెన్యూ రికార్డు చదవడం వేరే విద్య. మాట వచ్చి పత్రం రానివారు బృందంలోని మనిషి చెప్పిన అర్థాన్నే నమ్మవలసి వస్తుంది.

డాంగ్‌ నేల స్వభావం

సాపుతారా డాంగ్‌ జిల్లాలో ఉంది. జిల్లా కేంద్రం ఆహ్వా. 2011 జనగణన ప్రకారం జిల్లా జనాభా 2,28,291. గుజరాత్‌లో అతి తక్కువ జనాభా గల జిల్లా ఇదే. జనాభాలో 94 శాతానికి పైగా షెడ్యూల్డ్‌ తెగలవారు: భిల్లులు, కుంక్ణాలు, వార్లీలు తదితరులు. జిల్లా మొత్తం రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు కిందికి వస్తుంది.

ఇక్కడి భూమికి, అడవికి సుదీర్ఘ చరిత్ర ఉంది. ఐదుగురు భిల్లు రాజుల నుంచి 1842లో బ్రిటిషువారు అడవిని కౌలుకు తీసుకున్నారు. ఆ ఒప్పందపు ఛాయ ఈనాటికీ కనిపిస్తుంది: ఏటా హోలీకి ముందు ఆహ్వాలో జరిగే డాంగ్‌ దర్బారులో ఆ వంశాల వారసులకు ప్రభుత్వం రాజకీయ పింఛను అందజేస్తుంది. 1960లో బొంబాయి రాష్ట్రం విడిపోయినప్పుడు డాంగ్‌ ఎటు వెళ్లాలన్నదానిపై వివాదం నడిచింది. డాంగీ మాండలికం మరాఠీకి దగ్గరా, గుజరాతీకి దగ్గరా అన్నది కూడా ఆ వాదనలో భాగమైంది. చివరకు జిల్లా గుజరాత్‌కు దక్కింది. ఆ తరువాత సాపుతారాను ప్రణాళికాబద్ధమైన విడిది పట్టణంగా అభివృద్ధి చేశారు. అందుకోసం ఊరు ఖాళీ చేసిన గిరిజన కుటుంబాలు పక్కనే నవాగాంలో స్థిరపడ్డాయి. పర్యాటకుడు సరస్సు ఒడ్డున నిలబడి చూసే నేల ఒకప్పటి ఊరు.

ఈ నేపథ్యంలో, కొండపైనా చుట్టుపక్కలా ఉన్న భూమిని స్థూలంగా నాలుగు రకాలుగా చూడవచ్చు. మొదటిది అటవీ భూమి. దీన్ని ఎవరూ అమ్మలేరు. రెండవది 2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులకు, ఇతర అటవీ నివాసులకు హక్కుపత్రం లభించిన భూమి. ఈ హక్కు వారసత్వంగా సంక్రమిస్తుందే తప్ప, అమ్మడానికి గానీ బదలాయించడానికి గానీ వీలులేదని ఆ చట్టంలోని 4వ సెక్షన్‌ స్పష్టంగా చెబుతోంది. పత్రం అసలైనదే కావచ్చు, దాని కింద అమ్మకం మాత్రం కుదరదు. మూడవది గిరిజన రైతుల పేరున ఉన్న రెవెన్యూ భూమి. నాలుగవది విడిది పట్టణ పరిధిలోని స్థలాలు. వీటిలో ప్రభుత్వ కేటాయింపుతో వచ్చినవి ఉంటే, ఆ ఉత్తర్వులోని వినియోగం, గడువు, బదలాయింపు షరతులు ప్రతి కొత్త హక్కుదారునికీ వర్తిస్తాయి. హోటల్‌ కోసం ఇచ్చిన స్థలాన్ని ముక్కలుగా చేసి ఇళ్ల ప్లాట్లుగా అమ్మవచ్చునా అన్నది ఆ ఉత్తర్వు చదివితేనే తెలుస్తుంది.

73-ఏఏ అంటే

మూడవ రకం భూమి విషయంలోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. గుజరాత్‌ భూమి రెవెన్యూ చట్టంలో 73-ఏఏ సెక్షన్‌ను 1980 నాటి సవరణతో చేర్చారు. షెడ్యూల్డ్‌ తెగలకు చెందిన వ్యక్తి అధీనంలోని భూమిని కలెక్టర్‌ ముందస్తు అనుమతి లేకుండా బదలాయించకూడదన్నది దాని సారం. అనుమతి లేకుండా జరిగిన బదలాయింపు చెల్లదు. భూమి ప్రభుత్వపరం కావచ్చు, తిరిగి గిరిజనునికే దక్కవచ్చు, కొన్నవారిపై జరిమానా పడవచ్చు. ఇచ్చిన సొమ్ము వెనక్కి రాబట్టుకోవడం కొనుగోలుదారు సొంత తంటా.

తెలుగు పాఠకులకు దీన్ని సులువుగా పోల్చి చెప్పవచ్చు. అరకు, పాడేరు, లంబసింగి వైపు వెళ్లినవారికి '1/70 చట్టం' అన్న మాట తెలుసు. 1959 నాటి ఆంధ్రప్రదేశ్‌ షెడ్యూల్డ్‌ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనను 1970లో సవరించి, ఏజెన్సీ భూమి గిరిజనులకు, గిరిజనుల సహకార సంఘాలకు తప్ప మరెవరికీ బదిలీ కాకూడదని కట్టడి చేశారు. గిరిజనేతరుడు మరొక గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. ప్రభుత్వం సైతం ఆ కట్టడికి అతీతం కాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. గుజరాత్‌ నిబంధన ఇంత సంపూర్ణ నిషేధం కాదు. కలెక్టర్‌ అనుమతి అనే ద్వారం ఉంది. ఆ తేడాయే బృందాలకు మాట్లాడేందుకు చోటిస్తుంది. 'అనుమతి వస్తుంది', 'ఫైలు నడుస్తోంది' అన్న మాటలు అక్కడి నుంచే పుడతాయి. చట్టం ముందస్తు అనుమతి అంటోంది కనుక, చేతికందిన ఉత్తర్వుకు మాత్రమే విలువ. నడుస్తున్న ఫైలును చూసి డబ్బు ఇచ్చినవారు, ఆ ఫైలు ఆగితే ఎవరినీ నిలదీయలేని స్థితిలో పడతారు.

భూమి గిరిజనులది కాకపోయినా మరొక అడ్డంకి ఉంది. గుజరాత్‌లో వ్యవసాయ భూమిని సాధారణంగా వ్యవసాయదారుడే కొనాలి. కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టంలోని 63వ సెక్షన్‌ దీన్ని నిర్దేశిస్తుంది. దీన్ని రుజువు చేయడానికి రెవెన్యూ కార్యాలయాలు 'ఖేడూత్‌ ఖాతేదార్‌' ధ్రువపత్రాన్ని అడుగుతాయి. స్వగ్రామంలో నాలుగెకరాలు, చేతిలో పట్టాదారు పాసుపుస్తకం ఉన్నాయి గనుక సరిపోతుందని తెలంగాణ నుంచి వచ్చిన కుటుంబం అనుకోవడానికి వీల్లేదు. కాబట్టి 'ఫామ్‌హౌస్‌' అన్న పేరు వినగానే, ఆ భూమి వ్యవసాయేతరంగా మారిందా అని అడగాలి. ఆ మార్పును గుజరాతీలో 'బిన్‌ఖేతీ' అంటారు. అందుకు ప్రత్యేక ఉత్తర్వు ఉంటుంది.

సరిహద్దు దాటితే

సాపుతారా పేరుతో అమ్ముడయ్యే ఆస్తులన్నీ సాపుతారాలో ఉండవు. పట్టణం దాటగానే మహారాష్ట్ర. హట్‌గఢ్‌ కోట, ఆ దారిలోని రిసార్టులు నాసిక్‌ జిల్లా సుర్గాణా తాలూకాలోనివి. అక్కడ గుజరాత్‌ చట్టాలు పనిచేయవు. గుజరాత్‌ రెరా కాక మహారెరా, గుజరాతీ రికార్డులు కాక మరాఠీ రికార్డులు, ఆ రాష్ట్రపు రిజిస్ట్రేషన్‌ కార్యాలయం వర్తిస్తాయి. సుర్గాణా కూడా షెడ్యూల్డ్‌ ప్రాంతమే. మహారాష్ట్ర భూమి రెవెన్యూ చట్టంలోని 36-ఏ సెక్షన్‌ గిరిజన భూమి బదలాయింపును నియంత్రిస్తుంది. కాబట్టి బృందం చూపించిన స్థలం ఏ గ్రామంలో, ఏ తాలూకాలో, ఏ సర్వే నంబరులో ఉందో రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే మిగతా సంభాషణ. 'సరస్సుకు పది నిమిషాల దూరం' అన్నది చిరునామా కాదు.

బృందంలో ఎవరు ఎవరి పక్షం

విదేశాలలోని పర్వత విడిది పట్టణాలలో కొనుగోలుదారు తరఫున ఒక ఏజెంటు, అమ్మకందారు తరఫున మరొక ఏజెంటు ఉండటం కద్దు. మన దగ్గర ఆ విభజన స్పష్టంగా ఉండదు. సూరత్‌లో 'దలాల్‌' అని పిలిచే మధ్యవర్తి ఇరువైపులా దలాలీ తీసుకోవడం వింత కాదు. కొత్త ప్రాజెక్టులలో 'చానెల్‌ పార్ట్‌నర్‌'గా పనిచేసేవారికి ప్రమోటరే కమిషన్‌ చెల్లిస్తాడు. అంటే కొనుగోలుదారును కారులో ఎక్కించుకొని కొండ చూపించే మనిషి, సైటులో లెక్కలు చెప్పే మనిషి, రుణం ఇప్పిస్తానన్న మనిషి, పత్రాలు చూసే వకీలు అందరూ అమ్మకం జరిగితేనే ఆదాయం పొందేవారు కావచ్చు. ఇందులో తప్పేమీ లేదు, వ్యాపారం అలాగే నడుస్తుంది. తప్పల్లా వారిలో ఒకరిని తన సలహాదారుగా పొరబడటంలోనే ఉంది. వకీలు విషయంలో ఇది మరీ నిజం. బృందం సూచించిన వకీలు ఇచ్చే టైటిల్‌ నివేదిక ఎంత చక్కగా ఉన్నా, కొనుగోలుదారు సొంత ఖర్చుతో, వీలైతే ఆహ్వా రెవెన్యూ కార్యాలయాలతో పరిచయమున్న మరొక వకీలు చేత పరిశీలన చేయించుకోవడం మేలు. ఆ రుసుము ప్లాటు ధరలో కనిపించనంత చిన్నది.

దలాలీ ఎంత, ఎవరు ఇస్తారు, ఒప్పందం రద్దయితే తిరిగి వస్తుందా అన్నవి మొదటి సమావేశంలోనే అడగదగినవి. సంకోచపడేవారే ఎక్కువ. వస్త్ర వ్యాపారంలో పైసా లెక్కతో బేరమాడేవారు కూడా స్థలం దగ్గరికి వచ్చేసరికి పరిచయస్తుని మాట మీద వెళ్లిపోతుంటారు. పైగా ఆ పరిచయస్తుడు తెలుగువాడే అయితే పత్రాలు అడగడం అవమానమని భావిస్తారు.

రెరా ఎంతవరకు కాపాడుతుంది

రియల్‌ ఎస్టేట్‌ నియంత్రణ, అభివృద్ధి చట్టం 2016లో వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులో ఉంది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించిన ఫ్లాట్లతో గానీ ప్రాజెక్టు చేపడితే నమోదు తప్పనిసరి. లేఅవుట్‌ ప్లాట్లకూ ఇదే నియమం. నమోదు కాకుండా ప్రకటన ఇవ్వడం, బుకింగ్‌ తీసుకోవడం నేరం. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు నిర్మాణ, భూమి ఖర్చులకే ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. నమోదైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. విస్తీర్ణాన్ని కార్పెట్‌ ఏరియాగానే చెప్పాలి.

మధ్యవర్తులకూ ఇందులో బాధ్యత ఉంది. పేరు ఏదైనా, నమోదిత ప్రాజెక్టులో అమ్మకానికి దోహదం చేసి రుసుము తీసుకునే ప్రతివారూ ఏజెంటుగా నమోదు కావాలి, తాము కుదిర్చిన ప్రతి అమ్మకంలో ఆ సంఖ్యను పేర్కొనాలి, నమోదు కాని ప్రాజెక్టును అమ్మకూడదు. ఉల్లంఘిస్తే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి విలువలో 5 శాతం వరకు జరిమానా ఉంటుంది. బృందం ఇచ్చిన నమోదు సంఖ్యను గుజరాత్‌ రెరా వెబ్‌సైట్‌లో స్వయంగా సరిచూసుకోవచ్చు. అక్కడ ప్రాజెక్టు పటం, అనుమతులు, భూమి పత్రాలు ఉంటాయి.

రెరా నమోదు ఉందంటే టైటిల్‌ నిర్దోషమని ప్రభుత్వం పూచీ పడినట్టు కాదు. ప్రమోటరు సమర్పించిన పత్రాలు బహిరంగమవుతాయి. వాటిని చదివే పని కొనుగోలుదారుదే. పైగా విడి వ్యవసాయ కమతం, చిన్న స్థలం, పాత ఇంటి పునర్విక్రయం వంటివి దాదాపుగా రెరా పరిధికి బయటే ఉంటాయి. కొండ ప్రాంతంలో జరిగే బేరాలలో ఇటువంటివే ఎక్కువగా ఎదురు కావచ్చు.

గుజరాతీ పత్రంలో తెలుగు చెవికి మోసం చేసే మాటలు

భూమి రికార్డులో ప్రధానమైనది 'సాత్‌-బార్‌', అంటే 7/12. దీని నకలును 'ఉతారో' అంటారు. గుజరాతీలో ఆ మాటకు బస, విడిది అన్న అర్థమూ ఉంది. సాపుతారా పేరును 'పాముల నెలవు'గా వివరించేటప్పుడు ఆ అర్థమే గుర్తుకొస్తుంది. విడిదికి వెళ్లే ముందు చూడవలసిన కాగితానికీ అదే పేరు ఉండటం భాష చేసిన చమత్కారం. ఈ నకలును 'ఎనీ ఆర్‌ఓఆర్‌' ప్రభుత్వ పోర్టల్‌లో గ్రామం, సర్వే నంబరు ఇచ్చి ఎవరైనా చూడవచ్చు.

అందులో 'కబ్జేదార్‌' అన్న మాట చూసి తెలుగువారు ఉలిక్కిపడతారు. తెలుగు వార్తల్లో కబ్జా అంటే ఆక్రమణ. గుజరాతీ రికార్డులో కబ్జేదార్‌ చట్టబద్ధంగా భూమిని అధీనంలో ఉంచుకున్న హక్కుదారు. ఆ పేరు, అమ్ముతున్న వ్యక్తి పేరు ఒకటేనా అన్నది మొదట చూడాలి. 'సత్తా ప్రకార్‌' అన్న గడి అంతకంటే ముఖ్యం. అందులో 'జూనీ శరత్‌' అంటే పాత షరతు, సాధారణంగా ఆంక్షలు లేని భూమి. 'నవీ శరత్‌' అంటే ప్రభుత్వ ఆంక్షలున్న భూమి. అనుమతి లేకుండా, ప్రీమియం కట్టకుండా అమ్మడానికి లేదు. 'కొత్త షరతు' అంటే మెరుగైనదని భావించే పొరపాటు సహజం, ఖరీదైనది కూడా. ఆ గడిలో 73-ఏఏ కనిపిస్తే పైన చెప్పిన కలెక్టర్‌ అనుమతి లేనిదే అడుగు ముందుకు వేయకూడదు. 'బోజో' అంటే అప్పు భారం. 'ఫేర్‌ఫార్‌ నోంధ్‌' అంటే మ్యుటేషన్‌ నమోదు. దీన్ని 6వ నంబరు పత్రంలో రాస్తారు, వెనకటి యజమానుల వరుస అక్కడ తెలుస్తుంది.

కొలతల్లోనూ జాగ్రత్త అవసరం. గుంఠా తెలుగు గుంటయే, ఎకరానికి 40. 'వార్‌' అంటే చదరపు గజం. 'వీఘా' మాత్రం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ఒప్పందంలో చదరపు మీటర్లు ఉండేటట్టు పట్టుబట్టాలి. ఇక 'బానాఖత్‌' లేదా 'సాటాఖత్‌' అమ్మకపు ఒప్పందం మాత్రమే. యాజమాన్యం సంక్రమించేది నమోదైన 'దస్తావేజ్‌'తో. ఈ చివరి మాట ఒక్కటే తెలుగులోనూ అదే అర్థంలో నిలిచి ఉంది.

అడ్డదారుల ఖరీదు

చట్టం అడ్డుపడినప్పుడు వినవచ్చే సూచనలు కొన్ని ఉన్నాయి. భూమిని స్థానిక గిరిజనుని పేరునే ఉంచి, సొమ్ము చెల్లించినవారికి నోటరీ ఒప్పందం, జనరల్‌ పవర్‌ ఆఫ్‌ అటార్నీ రాయించడం వాటిలో ఒకటి. పవర్‌ ఆఫ్‌ అటార్నీ, ఒప్పందం, వీలునామాల కలయికతో యాజమాన్యం సంక్రమించదని 2011లో సూరజ్‌ ల్యాంప్‌ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఒకరి సొమ్ముతో మరొకరి పేరున ఆస్తి కొనడం బినామీ లావాదేవీల నిషేధ చట్టం కిందికి వస్తుంది. 2016 సవరణ తరువాత దీనికి ఏడాది నుంచి ఏడేళ్ల జైలు, ఆస్తి మార్కెట్‌ విలువలో 25 శాతం వరకు జరిమానా ఉన్నాయి. ఆస్తి జప్తు అవుతుంది. నష్టపోయేది కొనుగోలుదారు ఒక్కడే కాదు. పేరు అరువిచ్చిన రైతు కుటుంబం కూడా కేసులో ఇరుక్కుంటుంది, భూమికి దూరమవుతుంది. అమ్మకానికి బదులు దీర్ఘకాల కౌలు అని పేరు మార్చినంత మాత్రాన ఆంక్ష తొలగిపోయిందని బృందం చెబితే, ఆ అభిప్రాయాన్ని సొంత వకీలు రాతలో ఇవ్వగలడేమో అడిగి చూడటం మంచి పరీక్ష.

మరొకటి హామీ అద్దె. విల్లాలో వాటా కొంటే ఏటా ఇంత శాతం అద్దె అని చెప్పే పథకాలలో కొనుగోలుదారు చేతికి వచ్చేది దస్తావేజా, సభ్యత్వ కార్డా, కంపెనీ ఇచ్చిన రసీదా అన్నది తేలాలి. పలువురి సొమ్మును కూడబెట్టి, నిర్వహణ వారి చేతిలో లేకుండా లాభం పంచే పథకమైతే సెబీ నమోదు అవసరం కావచ్చు. నమోదు సంఖ్య అడిగితే సంభాషణ దిశ మారిపోతుంటే, అది కూడా ఒక సమాధానమే.

ఇంటి ఖర్చుల సంగతి క్లుప్తంగా. డాంగ్‌లో వర్షం భారీగా కురుస్తుంది, అయినా వేసవిలో నీటికి కటకట. నల్లరాతి కొండలపై పడిన నీరు నిలవక జారిపోతుంది. ఏప్రిల్‌, మే నెలల్లో నీరు ఎక్కడి నుంచి వస్తుందో, ట్యాంకరు ఖర్చు ఎవరిదో అడగాలి. కుదిరితే స్థలాన్ని రెండుసార్లు చూడాలి: ఒకసారి జులై వానలో, ఒకసారి మే ఎండలో. బృందాలు చూపించేది సాధారణంగా ఆగస్టు పచ్చదనాన్నే.

డబ్బు, నమోదు

టోకెన్‌ సొమ్మును బ్యాంకు ద్వారానే, అమ్మకందారు ఖాతాలోకే ఇవ్వాలి. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు లేదా అంతకు మించి నగదు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తోంది. వ్యవసాయేతర ఆస్తి విలువ 50 లక్షల రూపాయలు లేదా ఆపైన ఉంటే కొనుగోలుదారే 1 శాతం పన్ను మినహాయించి జమ చేయాలి. గుజరాత్‌లో స్టాంపు సుంకం 4.9 శాతం, రిజిస్ట్రేషన్‌ రుసుము 1 శాతం. కొనేవారు మహిళలే అయితే ఆ రుసుము మినహాయింపు ఉంది. 1908 రిజిస్ట్రేషన్‌ చట్టం ప్రకారం దస్తావేజు ఆస్తి ఉన్న పరిధిలోని సబ్‌ రిజిస్ట్రార్‌ వద్దే నమోదు కావాలి. డాంగ్‌ భూమికి సూరత్‌లో సంతకం పెట్టిన నోటరీ కాగితం ఆ నమోదుకు ప్రత్యామ్నాయం కాదు.

నమోదిత ప్రాజెక్టులో ప్రమోటరు గానీ ఏజెంటు గానీ మాట తప్పితే రెరాకు నేరుగా ఫిర్యాదు చేయవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. స్వాధీనం సకాలంలో ఇవ్వకపోతే వడ్డీతో సహా సొమ్ము వాపసు కోరవచ్చు. స్వాధీనమిచ్చిన తరువాత ఐదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని ప్రమోటరు తన ఖర్చుతో సరిచేయాలి. ప్రకటనలో తప్పుడు వివరాలు నమ్మి సొమ్ము కట్టినవారికి 12వ సెక్షన్‌ కింద పరిహారం ఉంది. అందుకే బ్రోచరు, వాట్సాప్‌ సందేశాలు, ధరల పట్టిక, మొదటి రోజు ఇచ్చిన సర్వే నంబరు కాగితం అన్నిటినీ బేరం ముగిసే దాకా కాదు, ముగిసిన తరువాతా భద్రపరచాలి. నమోదు కాని భూమి విషయంలో దారి సివిల్‌ కోర్టుకు, పోలీసు ఫిర్యాదుకు. 73-ఏఏ వివాదమైతే డాంగ్‌ కలెక్టర్‌ కార్యాలయానికి.